నీళ్ళు నమిలే ఇస్త్రీపెట్టె

లూటన్ నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి.
ఒక రాత్రి ఇస్త్రీపెట్టె కడుపులో ఉంచితే
తెలుస్తుంది సంగతి.

పొద్దున్నే డెస్మండ్ గారి నల్లకోటు.
పదకొండింటికి వాళ్ళన్నయ్యని సాగనంపాలి.
మీట నొక్కితే
కాసేపు నీళ్ళు నమిలి, నమిలి
ఆవిరికి బదులు
కాలరు మీద తెల్లటి పెచ్చులు ఉమ్మింది.

సున్నం.
తాంబూలంలో రవ్వంత ఎక్కువైతే
నాలుక పొక్కించే ఆ సున్నమే.

తడిగుడ్డతో అద్దాను, బ్రష్షుతో దులిపాను,
సారీ అన్నాను, మళ్ళీ అన్నాను.
ఆయన వేలికొసతో ఒక పెచ్చు తీసి
వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.
"మావి సుద్దకొండలు కదా,
ఒకప్పుడంతా సముద్రం.
ఈ గవ్వల పొడి కోసం మా వాడు
జీవితమంతా గుట్టలు తవ్వాడు.
ఆ చివరి మరక ఉండనీ."

అప్పట్నుంచీ కొట్టు కట్టేముందు
పెట్టె వేడారకుండానే నీళ్ళు వంచేస్తున్నాను.
నెలకో ఆదివారం సగం వెనిగరు, సగం నీళ్ళు.
కొట్టంతా పులుపు ఘాటు,
పక్క మంగలిషాపు గ్రెటా ముక్కు మూసుకుంటుంది.

బుసబుసా పొంగి
సింకులోకి జారుతుంది గార.
వెంటనే కుళాయి తిప్పను.
కళ్ళద్దాలు పెట్టుకుని
ఓసారి వెతుకుతాను,
గవ్వేమైనా ఉందేమోనని.