నైట్ హాల్ట్ ఉంగరం

ఐదువందల నోటును
కిటికీ వెలుగుకు పెట్టి
ఒక్క చూపుల చెప్తా, అసలో నకిలో.
పందొమ్మిదేండ్ల సర్వీసు, కరీంనగర్ డిపో.
రాయి ముందర కూసుంటే మాత్రం
ఏ బస్సు ఎక్కాల్నో తెల్వని ముసలవ్వ తీరు అయిపోయిన.

టవర్ సర్కిల్ వెనక గల్లీల
అవుసుల మొండయ్య దుకాణం.
ఏరియర్స్ పైసలు కొంగున ముడేసుకొని పోయి
వంకాయ రంగు రాయి కావాలన్న.
"కటేలానా, అమెథిస్టా?" అన్నడు.
"రెండు రకాలుంటయా?"
"రాయొక్కటే. అడిగేటోల్లే రెండు రకాలు."

తెల్లకాయితం మీద ఆరు రాళ్లు పోసిండు.
అన్నిట్ల పెద్దదాన్ని పట్టిన.
మచ్చ లేదు, గీత లేదు,
వానకు తడిసిన అల్లనేరేడు.
భూతద్దం నా చేతిల పెట్టి
"లోపటికి చూడు బిడ్డా."
లోపట బుడగ.
సోడాసీసల ఎక్కి ఎక్కి ఆగినట్టు
గుండ్రంగ, ఒక్కటే.
"గాజు. అది ఊదినోని ఊపిరి."
చెప్పకపోతే ఆయనకే లాభముండె.

ఇంకోదాన్ని పట్టిన.
నడుమ కిటికీ తీసినట్టు
కింది కాయితం కనవడ్డది.
"రంగు మంచిదే, కోత తప్పింది.
వెలుగు దాంట్ల నిలువది,
నీ ఫుట్‌బోర్డు మీదికెల్లి జారినట్టు జారిపోతది."

ఆఖరికి ఆయనే తీసిండు, శెనగగింజంత.
ఒక పక్క ముదురు, ఒక పక్క లేత,
నడుమ వాలుగ పొరలు పొరలు,
తలకు రంగేసి నెల దాటినట్టు.
"గిది నిఖార్సు."
గడపల నిలవడి ఎండకు చూసిన, ఊదా.
లోపటికొచ్చి బల్బు కింద చూసిన,
అడుగున ఎర్రగ ఒక మెరుపు,
పాన్ నమిలి దాచుకున్న నోరు తీరు.

వెండితీగ పనిల కట్టమన్న.
మా ఊరి పేరు గదే గదా.
నా చెయ్యి తిప్పి చూసిండు,
చిల్లర నలుపు, టికెట్ మిషన్ బటన్లకు
కాయగాసిన బొటనవేలు.
"మెడకైతే తీగ.
ఈ వేలికి గోడ కట్టాలె."
రాయి చుట్టూ చిన్న వెండి గోడ లేపిండు.

పైసలు లెక్కవెట్టినంక
గూట్లకెల్లి ఇంకో ఉంగరం తీసిండు.
బియ్యం కడిగిన నీళ్ల రంగు.
"ఇది నీదాని అక్క.
పదకొండేండ్లు షోకేసుల పెట్టిన. పడమటి ఎండ.
తప్పు నాది. దీన్ని అమ్మేది లేదు."

అప్పుడు చెప్పుడు షురూ చేసిండు.
ఎండల వద్దు, ఉడుకునీళ్లు వద్దు.
సెంటు కొట్టుకున్నంక పెట్టుకో, ముందుగాల కాదు.
గోరువెచ్చటి నీళ్లు, ఒక్క చుక్క సబ్బు, మెత్తటి బ్రష్షు.
వెనక దిక్కు సుత తోము,
మురికి కాపురం పెట్టేది ఆన్నే.
ముత్యాల పక్కన పండవెట్టకు, ఇది వాటిని గీస్తది.
నీలం పక్కన సుత వద్దు, అది దీన్ని గీస్తది.
నెలకోపారి చెవికాడ పెట్టి ఊపు.
సప్పుడైతే బస్సు దిగి నా దగ్గరికి రా.

రామగుండం ఎండ మీకు తెల్వంది కాదు.
డోరు పక్క సీటుల ఇన్నేండ్లు కూసుంటే
నా ఎడమ చెయ్యి ముదురు, కుడి చెయ్యి లేత.
నేను సుత నిఖార్సే.

గందుకే అది పగటిపూట నా వేలికుండదు.
బ్యాగు అడుగున, నూలుగుడ్డల, చీకట్ల,
డెబ్బై మంది తొక్కులాటల
నిమ్మళంగ పంటది.

మంథనిల నైట్ హాల్ట్.
జీరో టికెట్లు, పైసల టికెట్లు లెక్క తేలినంక
రెండుసార్లు చేతులు కడుక్కొని
తుడుచుకొని, ఆరనిచ్చి, పెట్టుకుంట.
డ్రైవర్ పోశెట్టి చూసి
"ఏందక్కా, నేరేడు గింజ ఉమ్మెయ్యక
వేలికి తొడిగినవ్?" అంటడు.
రెస్టురూము బల్బు కింద
అడుగున ఎర్రగ మెరుస్తది.
పోశెట్టికి చూపియ్య.

ఇయ్యాల ఒకటో తారీఖు.
చెవికాడ పెట్టి ఊపిన.
కటకట.
గుండె జారింది.
బయట గ్రానైట్ లారీ పోతున్నది,
కిటికీ అద్దాలు ఊగినయి.
అది పోయేదాక ఆగి
మల్లొక్కపారి ఊపిన.