అర శాతం

డాల్బీ ఊరి చివర, ధాన్యం సైలోలు దాటాక
రేకుల షెడ్డు మా ల్యాబు.
ఫిబ్రవరి. ఫ్యాను తిరుగుతోంది,
అంతమాత్రాన గాలి ఉందని కాదు.

ట్రేలో నల్లరేగడి.
వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది.
కిందటేడు ఆ నెర్రెల్లోనే నోలీన్ కారు తాళాలు జారవిడిచింది.
ఇప్పటికీ వాగు గట్టు కింద ఎక్కడో ఉన్నాయి.

వంతెన పక్క రోడ్డు రెండుసార్లు వేశారు,
రెండుసార్లూ కుంగింది.
ఈసారి సున్నం కాదు, సిమెంటు కాదు,
గోనెసంచి నిండా కొబ్బరి పీచు పంపారు.
"కాళ్లు తుడుచుకునే పట్టలు చేస్తారా?"
సంచి దించుతూ డ్రైవర్ నవ్వాడు.

నా పని కత్తిరించడం.
రెండేసి సెంటీమీటర్లు, స్కేలు పెట్టి,
బొటనవేలు బొబ్బలెక్కేదాకా.
మట్టి వంద పాళ్లయితే పీచు అర పాలు.
కూరలో ఉప్పు కన్నా తక్కువ.

గడ్డిపోచలు పేనితే ఏనుగునైనా కట్టొచ్చంటారు.
ఇక్కడ పేనకూడదు.
నాలుగు పోగులు చిక్కుపడితే ఉండ కడతాయి,
ఉండ కట్టిన చోట మట్టి డొల్ల.
అందుకే విడదీస్తాను, చల్లుతాను,
తడి చేతుల్తో కలుపుతాను.
ఒక్కో పోగూ పక్కనున్నదెవరో తెలియకుండా
ఆ నలుపులో ఒంటరిగా పడుకోవాలి.

మూడు పొరలు. పొరకు ఇరవై ఐదు దెబ్బలు.

ముందు పీచు లేని దిమ్మెను యంత్రం కింద పెట్టాను.
ముల్లు ఎక్కింది, ఎక్కింది, టప్పున ఆగింది.
ఏటవాలుగా ఒకటే గీత.
పై సగం జారి నా బూటు మీద పడింది.

తర్వాత పీచుది.
ముల్లు ఇందాకటి అంకె దాటింది.
నోలీన్ టీ కప్పు పక్కన పెట్టింది.
దిమ్మె నడుము ఉబ్బింది, ఒళ్లంతా సన్న బీటలు,
బీట బీటకూ అడ్డంగా ఓ గోధుమరంగు వెంట్రుక
అవతలి అంచును పట్టుకుని.
పగిలింది. విడిపోలేదు.
అరచేతిలోకి తీసుకుంటే
బొజ్జ బయటపెట్టి అలాగే నిలబడింది.

"ఎన్నేళ్లుంటుంది?"
కౌన్సిల్ నుంచి వచ్చిన రోవన్ అడిగాడు.
పీచు కుళ్లుతుంది, అబద్ధమెందుకు.
ఐదేళ్లో, ఎనిమిదో.
ఈలోగా గట్టు మీద మిచెల్ గడ్డి వేరు దించాలి,
పీచు ఖాళీ చేసిన సన్నటి సొరంగాల్లోంచి
దారి వెతుక్కుంటూ పోవాలి.
నేను చెప్పిందిది.
రిపోర్టులో మాత్రం,
వాలు మీద వెంటనే గడ్డి విత్తవలెను, అని రాశాను.

మరుసటి ఏప్రిల్‌లో జొన్నల లారీలు
ఆ గట్టు మీంచే వెళ్లాయి.
చూడ్డానికి వెళ్లలేదు, ఆ రోజు వేరే ఊరి మట్టి ట్రేలో ఉంది.

రాత్రి, ఉతికిన చొక్కా మడతలో
ఓ పీచు ముక్క దొరికింది.
రెండు చివర్లూ పట్టి లాగాను, తెగలేదు.
అలవాటుగా కొలిచాను.
రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ.
తప్పు నాదే.