పదమూడో నెల

తార్నాక దాటినంక, యూనివర్సిటీ కమానుకు ఇవతల
నాది బైండింగ్ దుకాణం, పక్కన జిరాక్సు మిషను.
నల్ల రెగ్జిన్ మీద బంగారు అక్షరాలు కొడ్త.
ఎవరి చదువు ఎంత మందమో
నా బొటనవేలికి ఎరుక.

ఆ పిల్ల వచ్చిన మొదటి దినం
సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి
రెండొందల యాభై అడుగుతున్నడు ఆటో ఆయన.
"అన్నా, మీటర్" అన్నదామె.
ఆ రెండు మాటలే వచ్చు.
నేను బయటికొచ్చి మూడో మాట అన్న.
అది ఇక్కడ రాయను.

పేరడిగితే లెతెబ్రహాన్ అన్నది.
నా నోట్లె సగమే పట్టింది.
లేత, అన్న.
అంటే ఏందని అడిగింది.
గోడ పక్క వేపకొమ్మ వంచి
ఎర్రటి చిగురు చేతుల పెట్టిన.
నమిలింది. చేదని ఉమ్మింది. నవ్వింది.

ఇతియోపియా నుంచి, భాషల మీద ఎమ్మే.
హాస్టల్ల ఆమె పక్క మంచం
మూడు నెలలు ఖాళీగనే ఉన్నది.
ఆ ముచ్చట ఆమె చెప్పలే.
గదుల జాబితా జిరాక్సుకొస్తే
ఆమె పేరు కింద తెల్లగ మిగిలిన గీత
నేనే చూసిన.

దారిన పోయేటోళ్లు ఫోటో దిగుతమని అడిగేది.
మొదట్ల దిగింది.
తర్వాత "ఫోటోకు పది రూపాయలు" అని
అట్టముక్క మీద నాతోనే రాయించుకున్నది.
పది రూపాయలు ఎవరూ ఇయ్యలే.
అడుగుడు మాత్రం బందైంది.

ఒకనాడు నా మనుమడు పలక మీద
క కా కి కీ దిద్దుతుంటె
వంగి చూసి బలపం గుంజుకున్నది.
కింద ఆమె అక్షరం రాసింది,
దానికో కాలు, దానికో కొమ్ము, దానికో తోక,
ఏడు తీర్ల.
"మిగిలినయి ఎవరు తిన్నరు?" అన్నడు వాడు.
సముద్రం అవతల గుణింతం ఉంటదని
అక్షరాలు తిరగేసి చదివే నా కండ్లకు
అప్పుడే తెలిసింది.

రాగిపిండి మూడు దినాలు పులవెట్టి
నా పొయ్యి మీద దోశ లెక్క పోసేది.
ఒక్క పక్కనే కాల్చేది.
తిప్పవా అంటె,
"దీనికి కండ్లున్నయి అండాలమ్మా,
తిప్పితే మూసుకుంటయి."

భాద్రపదంల ఒక మబ్బుపూట
మాకిప్పుడు పదమూడో నెల, అన్నది.
ఐదే దినాలట.
కిరాయి? ఉండదు.
జీతం? అదీ ఉండదు.
మరేం జేస్తరు?
"వానల తానం చేస్తం" అని
ఫోను చెవికి పెట్టింది.

వాళ్ల దిక్కు లడాయి.
తీగలు తెంపి పది నెలలాయె.
అయినా రోజూ సాయంత్రం
నా గల్లపెట్టె పక్కన నిలబడి నంబరు కొడ్తది.
ఎవరో ఆడమనిషి తెలుగుల మొదలుపెడ్తది.
ఇంగ్లీషు రాకముందే కట్ చేస్తది.
"ఆమె ఏమంటది?" అని ఒక్కసారే అడిగింది.
తర్వాత చెయ్యమంటది, అన్న.

ఐదు దినాలు దాటినంక వాళ్ల కొత్త సంవత్సరం.
ఆర్ట్స్ కాలేజీ ఎనుక తంగేడు తెంపుకొచ్చి
మా పువ్వు గూడ పసుపే అని
మిషను అద్దం మీద పెట్టింది.
నా చెయ్యి బటన్‌కు తగిలింది.
పసుపు పువ్వు నల్లగ బయటికొచ్చింది.
ఆ కాగితం మడిచి జేబుల పెట్టుకున్నది.

థీసిస్ నాలుగు కాపీలు కాలేజీకి.
ఐదోదాని మీద తెలుగుల కొట్టమన్నది.
'లే' అచ్చు అంచు అరిగింది.
బంగారం ఒక పక్క సరిగ్గ పడలే.
ఉండనీ, అన్నది.

వీసా అయిపోయింది.
"రాజధాని దాక పోత. ఆ పైన తొవ్వ లేదు."
తంగేడు కాగితం ఎనుక నంబరు రాసి నాకిచ్చింది.
ఎవరన్న ఎత్తితే
పాసైనదని చెప్పమన్నది.
ఏ భాషల చెప్పాల్నో
ఇద్దరం అనుకోలే.

ఇప్పుడు షట్టర్ సగం దించి
నేనే కొడ్త.
ఆ ఆడమనిషి మొదలుపెడ్తది.
ఇంగ్లీషు రాకముందే
కట్ చేస్త.