రిమార్కుల గడి

పుస్తకాలు రిజిస్టరు పోస్టుల వచ్చినయి.
రేగొండ సబ్‌స్టేషన్ అడ్రసుకే తెప్పించుకున్న.
పోస్టుమాన్ మొండయ్య పార్సిలు బరువు చూసి
"ఏం కోర్సు సారూ" అన్నడు.
సుస్థిర ఇంధన నిర్వహణ, అన్న.
ఆయన ఒకసారి కంచె లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు,
ఒకసారి నా దిక్కు చూసి
"గిది నువ్వు రోజు చేసేదే గదా" అన్నడు.

గంటకోసారి రీడింగు.
ఓల్టేజీ, ఆంప్స్, నూనె వేడి.
నడుమ మిగిలే యాభై నిమిషాలే నా విశ్వవిద్యాలయం.
ప్యానెల్ మీద ఎర్రబుగ్గలు,
బయట ట్రాన్స్‌ఫార్మర్ ఒకే పాఠం
ఒకే గొంతుతోని తెల్లారిందాక.

మూడో యూనిట్: డిమాండు తగ్గించుట.
ఆ పేజీ మీద వేలు పెట్టంగనే ఫోను,
పొలంకాడికెల్లి ఓదెలు:
"మడి సగమే పారింది, ఏం జేస్తున్నవు ఆడ?"
డిమాండు తగ్గిస్తున్న అనలేను కదా.
ఫీడరు ట్రిప్పయింది ఓదెలన్నా, చూస్తున్న.
కరెంటు రాంగనే పొలాలనిండ ఆటోస్టార్టర్లు లేస్తయి,
అందరి దూప ఒకే గడియకు.
పుస్తకంల దీన్ని పీక్ లోడ్ అన్నరు.

ఆదివారాలు హనుమకొండల కాంటాక్ట్ క్లాసులు.
ఇరవై ముగ్గురం పేర్లు రాయించుకున్నం, తొమ్మిదిమందిమే వస్తం.
తాడ్వాయి నుంచి సారలక్ష్మి, సోలార్ పంపులు బాగుచేస్తది,
పెన్ను పక్కన్నే స్క్రూడ్రైవర్ పెట్టుకుంటది.
రైసుమిల్లు గుమాస్తా ఇస్మాయిల్,
ఊక లెక్కలు నోటికి చెప్తడు.
నైట్ డ్యూటీ దిగి వస్త కాబట్టి నాకు నిద్ర.
సారలక్ష్మి పొడుస్తది,
పెన్నుతోని కాదు.

ఒకనాడు సార్ బోర్డు మీద ఒక బాణం గీసిండు.
మొదట్ల ఏనుగు తొండమంత లావు,
పోంగ పోంగ సన్నబడి
బల్బు కాడికొచ్చేసరికి ఎలుక తోక.
నూరు పాళ్ల బొగ్గు కాలిస్తే
కరెంటయేది ముప్పై మూడో, ముప్పై అయిదో, అన్నడు.
ఆ రోజు నిద్ర రాలేదు.

బాపు భూపాలపల్లి బాయిల ఇరవై ఆరేండ్లు చేసిండు.
ఇంటికొచ్చి ఆయనకు చెప్పిన.
డాక్టరు బీడీ మాన్పించిండు గని
వేళ్లు ఇంక బీడీ పట్టినట్టే ఉంటయి.
"మూడింట్ల ఒక్కపాలేనా?"
ఒక్కపాలే బాపూ.
"తక్కినయి యాడికి పోయినయి?"
వేడయి పోయినయి.
చెల్పూరు చిమ్నీలకెల్లి,
పక్కన ఉంటయి చూడు పెద్దకుండలు, వాటికెల్లి ఆవిరై.
దగ్గు ఆగేదాక ఆగిండు.
"అయితే మేం మొగులుకు కూలికి పోయినమన్నట్టు."
నవ్విండు.
నవ్వినంక, గోడ దిక్కు చూసుకుంట:
"ఈ సదువు, బాయిలు మూసేటి సదువేనా?"
జవాబు రెండువందల పదో పేజీల ఉన్నది.
పేజీ మొత్తం నాకు నోటికొచ్చు.
చెప్పలే.

అసైన్‌మెంటు ప్రశ్న:
మీ పరిసరాలలో జరుగు శక్తి నష్టములను వివరింపుము. పది మార్కులు.
వదులైన తీగలు రాసిన,
కెపాసిటర్లు పెట్టని మోటర్లు రాసిన,
పగటిపూట వెలిగే వీధి లైట్లు కూడ.
చివర బాపు మాట రాసిన, పేరు పెట్టకుంట.
ఆరు మార్కులొచ్చినయి.
ఎర్రసిరాతోని:
"చివరి పేరాకు ప్రశ్నతో సంబంధం లేదు."
దాని కింద, పెన్సిలుతోని, కనిపించీ కనిపించనట్టు:
"ఏ బాయి?"

ఇప్పుడు రాత్రి మూడు.
కొడవటంచ ఫీడరు పది పాయింట్ ఎనిమిది.
నూనె యాభై నాలుగు.
పరీక్షకు పదకొండు రోజులు.
కిటికీల కాయితాలు లేస్తున్నయి,
పుస్తకం మీద టార్చిలైటు బరువు పెట్టిన.
ఓదెలు ఈ రాత్రి ఫోను చేయడు.
లాగ్‌షీట్ల చివరి గడి రిమార్కులది,
ఏండ్ల సంది దాంట్ల అడ్డగీతే పెడుతున్న.
ఇయ్యాల రాసిన:
మొగులు పట్టింది.