రిమార్కుల గడి

హిల్ కాలనీల ఇల్లిల్లు తిరుగుతున్న.
చేతిల మున్సిపాలిటీ ఫారాలు, చంకల జిగురు డబ్బ.
కొత్త రూలొచ్చింది:
దినం కిరాయికిచ్చే ఇల్లు పేరెక్కించుకోవాలె,
ఏడాదికి తొంభై దినాలు మించొద్దు,
మించితే జుర్మానా.

డ్యాం కట్టిననాటి క్వార్టర్లివి.
రాళ్లు మోసినోళ్లు, సిమెంటు కలిపినోళ్లు,
మస్టర్ రాసినోళ్లు
తల దాచుకున్న కప్పులు.
ఇప్పుడు ఒక్కో తలుపుకు ఒక్కో బోర్డు:
రివర్ వ్యూ, లేక్ బ్రీజ్, కృష్ణా నెస్ట్.
ఏ కృష్ణ?
డాబా ఎక్కి మునివేళ్ల మీద నిలవడితే
ఒక నీలం గీత, అంతే.

గేట్లెత్తిండ్రన్న ముచ్చట
టీవీల వచ్చిన గంటకు
ఎనిమిది వందల అర్ర మూడువేలైతది.
కార్లు పెద్దవూర దాకా నిలవడతయి.
గా వారమే
దవాఖానకు కొత్తగ వచ్చిన నర్సమ్మ
కిరాయికి ఇల్లడిగితే
"నెలకా?" అని నవ్విండ్రు,
కల్లంల కూసొని గింజలు అడుక్కున్నట్టు.

నాకు మాత్రం దొరికిందా?
పొద్దుగాల మిర్యాలగూడ బస్సు,
మాపటికి మిర్యాలగూడ బస్సు.
ఇండ్ల లెక్క రాసెటోనికే ఇల్లు లేదని
ఫారంల ఏడ రాయాలె.

అండాలమ్మకు ఉన్నయే రెండర్రలు.
ఒకదాంట్ల తను, ఒకదాంట్ల వచ్చిపోయెటోళ్లు.
"తొంభై దినాలంటున్నవు గద బిడ్డా,
మిగిలిన దినాలు నా మోకాళ్ల గోలీలు
మీ కమిషనర్ సారు కొంటడా?"
జవాబు నా కాయితంల లేదు.
ఎనుక లైన్ల పదకొండు ఇండ్లు,
తాళంచెవి లేదు, అంకెలు నొక్కితే తెరుచుకుంటయట.
పదకొండు పేర్లు:
బామ్మర్ది, డ్రైవరు, డ్రైవరు తమ్ముడు...
ఫోను నంబరు మాత్రం ఒక్కటే.
గాడ రూలు చెప్పులిడిచి వాకిట్లనే కూసుంటది.
అండాలమ్మ ఇంట్ల మాత్రం
తిన్నగ వంటింట్లకొచ్చి కుండ మూత తీస్తది.

ఆఖరు అర్ర, మెట్ల పక్కన.
రమావత్ సేవ్యా.
కొండకు పోయే లాంచీ మీద తాడు గుంజెటోడు.
సోమారం నుంచి ఈ అర్ర ఆయనది.
శుక్రారం మాపటికి
స్టవ్వు, సాప, మూడు గిన్నెలు, పిల్ల బడి సంచి
మెట్ల కింద సందుల దొబ్బి
పెండ్లాం పిల్లతోని రేవు కాడ పండుకుంటడు.
వచ్చినోళ్లు ఆయన మంచం మీద నిద్రపోయి
తెల్లారి ఆయన లాంచీల్నే ఎక్కుతరు.
చెయ్యందించి ఎక్కించుకుంటడు.

"మరి కిరాయి?"
"నెల నిండా ఇస్తం సార్.
కాదంటే గా నాలుగు రాత్రులు గూడ ఉండవు."

ఫారంల ఉన్నయి రెండే గడులు.
దినం. నెల.
పెన్ను రెంటి నడుమ ఆగింది.

గోడకు పచ్చి సున్నం వాసన.
"వారం వారం ఏస్తరు సార్," పిల్ల అన్నది, పేరు సక్రి,
"నా ఎత్తు గీత పోతది.
సోమారం మళ్ల గీసుకుంట."
నన్ను అడగకుంటనే
వీపు గోడకానించి మడిమలు కలిపి నిలవడ్డది.
గీసిన, మున్సిపాలిటీ పెన్నుతోని.
ఇల్లు కొలిచే టేపుతోనే కొలిచిన.

ఆఫీసుల ఫారాలు తిప్పుకుంట తిప్పుకుంట
సారు ఒక్కకాడ ఆగిండు.
రెండు గడులు ఖాళీ.
రిమార్కులల్ల:
మూడడుగుల ఎనిమిదంగుళాలు.

"ఇదేందయ్యా, నీటిమట్టమా?"

బయట నా బస్సు హారన్ కొడుతాంది.
"పెరుగుతాంది సార్," అన్న.