రెండు చదరాలు

అబర్డీన్‌లో మా ముందుగదికి
ఉత్తరం వైపే కిటికీ.
ఎండ నేరుగా రాదు.
ఎదురు వరస గ్రానైట్ గోడని తాకి,
దాని బూడిద కాస్త వెంటబెట్టుకుని వస్తుంది.

గోడమీద రెండు చదరాలు పూశాను.
డబ్బాలమీద వాటికేవో పేర్లున్నాయి.
నోరు తిరక్క కాదు, నచ్చక మార్చేశాను:
ఎడమది శొంఠి.
కుడిది దాలిలో కాగిన పాలమీది మీగడ.

"రెండూ ఒకటేగా" అన్నాడు త్రినాథ్ గుమ్మంలోంచే.
చేతిలో టీ చల్లారేదాకా నిలబెట్టి చూపించాను.
"సరే, ఒకటి కాదు.
ఏది ఏదో మర్చిపోయానంతే."

పొద్దున్నే శొంఠి గొంతు సవరించుకుంటుంది.
మీగడ అప్పుడే మొహం కడుక్కున్నట్టుంటుంది.
మధ్యాహ్నం వానొచ్చిందా,
మీగడ విరుగుతుంది, పచ్చగా, పుల్లగా.
శొంఠి మాత్రం అలాగే ఉంటుంది
వేణ్ణీళ్ల కోసం ఎదురుచూస్తూ.
నవంబరు. మూడున్నరకే మసక.
లైటు వేస్తే రెండూ బల్బు మాటే వింటాయి.

ఐదు వారాలు ఇదే పని.
ఫోటో తీసి అక్కకి పంపితే
"గోడకి చెమ్మ పట్టిందా?" అని అడిగింది.

రంగులేసే గ్రెగర్ వచ్చాడు.
నిచ్చెన ఆనించి, చదరాలకేసి తల వంచి చూసి
ఏమీ అనలేదు. బీరువా జరపాలన్నాడు.

బీరువా వెనక
మాకు ముందెవరో పూసిన రెండు చదరాలు.
ఒకటి పీచ్‌పండు, ఒకటి ఇటుకపొడి.
ఇటుకపొడి పక్కన పెన్సిల్‌తో టిక్కు.
అయినా గదంతా తెలుపే.
డబ్బు చాలలేదో, మనసు మారిందో,
టిక్కు ఒకరిది, మాట ఇంకొకరిదో.
వేలితో రుద్దాను. చెరగలేదు.

"ఏది?" అన్నాడు గ్రెగర్ రెండు మూతలూ తీసి.
శొంఠి అన్నాను.
ఎందుకని అతను అడగలేదు,
వానలో చూశానని నేను చెప్పలేదు.

సాయంత్రం, బీరువా వెనక్కి నెట్టేముందు
"ఇక్కడా వేసెయ్యనా?" అన్నాడు.
వద్దన్నాను.
బ్రష్ అడిగి తీసుకుని
ఆ రెండిటి పక్కన అరచెయ్యంత మీగడ పూశాను,
టిక్కు పెట్టకుండా.

త్రినాథ్ వచ్చి, తడికోటు విప్పుతూ,
చుట్టూ చూసి అన్నాడు:
"నే చెప్పలా, మీగడే బావుంటుందని."