మెట్ల మీద జారిన

ఠప్పుమన్నది.
ఎవడో వెనకనుంచి మడిమ మీద తన్నిండనుకున్న.
తిట్టుడానికి నోరు తెరిచి తిరిగి చూస్తే
ఎవరూ లేరు.
వాళ్ల లెఫ్ట్ వింగ్ పోరడు ఇరవై గజాల అవతల
షూ లేసు కట్టుకుంటుండు.

సజా అంటే మా దిక్కు శిక్ష.
ఇక్కడ, షార్జా అవతల, అదొక జాగ పేరు.
శుక్రవారం అసర్ నమాజు అయినంక
సిమెంటు ఫ్యాక్టరీ వెనక ఇసుకల మా గ్రౌండు.
గోలు పోస్టులు స్కాఫోల్డింగు పైపులే,
కప్లర్లు బిగించింది నేనే.
నెట్టు, జెట్టీ కాడ అడుక్కొచ్చిన పాత వల.
గోలైనప్పుడల్లా
చేపల వాసన లేస్తది.

లేవబోయిన.
కాలు నాదే గాని నా మాట వినలే.
మడిమ పైన వేలు పెట్టి చూసిన.
గట్టి తాడు ఉండాల్సిన కాడ గుంట.
వేలు లోపటికి పోయింది,
ఉడికిన ఆలుగడ్డలకు పోయినట్టు.

రెఫరీ రూబెల్, మా మెస్సుల రొట్టెలు చేసేటాయన,
విజిల్ నోట్లనే పెట్టుకొని
ఊదుడు మరిచిపోయిండు.
క్వాబెనా నన్ను రెండు చేతుల మీద ఎత్తుకున్నడు.
సిగ్గయింది.
నలభై నాలుగేండ్లు నాకు
(టీం లిస్టుల ముప్పై ఎనిమిది రాయించిన).

గీత అవతల నన్ను పండవెట్టి
నా జాగల డంబర్‌ను దించిండ్రు.
నేపాలీ పిల్లగాడు, ఇరవై ఒకటి.
ఆఫ్‌సైడ్ అంటే ఏందో వానికి నేర్పింది నేనే,
మెస్సు బల్ల మీద
ఉప్పు డబ్బీ, రెండు ఉల్లిగడ్డలు, చాయ్ గిలాస పెట్టి.

ఒక మాట చెప్పాలె.
బాగ ఆడిండు వాడు.
నొప్పికన్న ముందు
అది తెలిసింది నాకు.

ఫుట్‌బాల్ అంటే కంపెనీ పైసలియ్యదు.
దావఖాన వరండల క్యాంప్ బాసు థామస్ సారు
నా కండ్లల్లకు చూసి
"రాజమల్లూ, మెట్ల మీద జారినవ్ గదా?" అన్నడు.
ఔ సార్, మెట్ల మీద జారిన.
అరబ్బీల రాసిండ్రు, ఇంగ్లీషుల రాసిండ్రు, ముద్ర కొట్టిండ్రు.
ముప్పై ఏండ్ల ఆట మీద
ఎక్కడన్న ఒక కాయితం ఉన్నదంటే
అది ఇదే.
ఇండ్ల బాలు లేదు.

గోదావరిఖనిల ఉమ్మితే నల్లగుండేది.
ఇక్కడ ఉమ్మితే తెల్లగ.
బాయి దిగొచ్చి, మొఖం కడుక్కోకుండనే,
ఒక్కసారి మా నాయిన నా ఆట చూసిండు.
"బాలు తన్నింది తక్కువ, ఉరికింది ఎక్కువ గదరా" అన్నడు.
రైట్ బ్యాక్ అంటే గదే నాయినా
అని చెప్పలే.
చెప్తే సమజయ్యేదే ఆయనకు,
ఆయన చేసింది కూడ గదే.

ఇప్పుడు స్టోర్ల కూసోబెట్టిండ్రు.
పద్దెనిమిదో అంతస్తు బయట గాలిల నిలబడ్డోణ్ని
హెల్మెట్లు లెక్కవెడుతున్న.
సరోజన ఫోన్ల అడిగింది,
"ఇగనన్న బందు పెడతవా ఆ ఆట?"
పెట్టిన, అన్న.
పద్దెనిమిదేండ్లు తిట్టిన మనిషి
గమ్మున ఉన్నది.
కార్డుల పైసలు అయిపోయేదాక
ఫ్యాను చప్పుడు వినుకుంట ఉన్నం ఇద్దరం.

బూట్లు డంబర్‌కిచ్చిన. వానికి పెద్దగైనయి.
దూది కుక్కి తొడుక్కున్నడు.

మొన్న శుక్రవారం కర్ర పట్టుకొని పోయిన.
బాలు గీత దాటి
దొర్లుకుంట దొర్లుకుంట వచ్చి నా కర్రకు తాకింది.
అందరూ నా దిక్కే చూస్తుండ్రు.
త్రో నాకు కొత్తనా?
కర్ర ఇసుకల గుచ్చిన.
రెండు చేతులు తల వెనకకు.
రెండు కాళ్లూ నేల మీదనే ఉండాలె, అది రూలు.
ఈ ఒక్క రూలు
ఇప్పుడు నాకోసమే పెట్టినట్టున్నది.
ఇసిరిన. డంబర్ ఛాతి మీద
పువ్వు తీరు దిగింది బాలు.

రూబెల్ విజిల్ ఊదిండు.
ఈసారి మరిచిపోలే.
"భాయ్, బయటోళ్లు వెయ్యొద్దు" అన్నడు,
నా మొఖం చూడకుండ.

కరెక్టే.